ఉత్తరాల డబ్బాకి ఎర్ర చిలప

మంచుకు లొంగని బడి ఈ భూమ్మీద ఒక్కటే ఉందనీ, అది తన వంటింట్లోనే ఉందనీ మారెన్ ఏటా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దొరికినవాళ్ళకల్లా చెబుతుంది. తుఫాను వస్తే ఊళ్ళో బడి మూతపడుతుంది, బ్యాంకు మూతపడుతుంది, ఒక ఏడాదైతే చర్చి కూడా మూతపడింది, ఆ ఆదివారం దేవుడే ఇంటిపట్టున ఉండిపోయాడు. మారెన్ బడి మాత్రం తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. విద్యార్థులు ముగ్గురు. ముగ్గురినీ ఆమే కన్నది కాబట్టి బస్సు రాలేదన్న సాకు అక్కడ చెల్లదు.

"మా బడికి మంచు సెలవు లేదు. ఇంతవరకూ లేదు, ఇకముందూ ఉండదు" అనేది ఆమె మాట.

ఆ శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆ మాటకు ఇంకా ప్రాణం ఉంది. పదిన్నరకల్లా పోయింది.

రేడియోలో మూతపడిన బడుల పేర్లు చదువుతున్నారు. అమెరికాలో చలికి పేరుమోసిన ఉత్తర మిన్నెసోటాలో ఆ జాబితాను జనం లాటరీ ఫలితాల్లా వింటారు. పదమూడేళ్ళ నెల్స్, పదకొండేళ్ళ టిల్డా, ఆరేళ్ళ లార్స్ గంజి గిన్నెల ముందు చెంచాలు గాల్లో ఆపి, తమ బడి పేరు కూడా ఎక్కడైనా వస్తుందేమోనని చెవులు రిక్కించారు. రాలేదు. బయట కిటికీ సగం దాకా మంచు. మిగతా సగంలోంచి ఇంకా పడుతున్న మంచు. తండ్రి కర్ట్ ప్రభుత్వంవారి మంచు తోసే లారీ నడుపుతాడు, తెల్లవారుజామున నాలుగింటికే జిల్లా అవతలి కొసకు వెళ్ళిపోయాడు. మంచు పడితే ఊరందరి నాన్నలూ ఇంట్లో ఉంటారు, వీళ్ళ నాన్న ఒక్కడు ఉండడు.

ఈ ముగ్గురిలో టిల్డా గురించి ఒక మాట చెప్పాలి. నెమ్మదైన పిల్ల. వినయం గల పిల్ల. అబద్ధమంటే ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు. అలాంటి పిల్ల ఆ జిల్లాలోనే పుట్టలేదని పెద్దలు అంటుంటారు. ఏ పెద్దలన్నదీ ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

మారెన్ ఆ రోజుకు పథకం వేసుకుంది. ఆ పథకం పేరు భిన్నాల పరీక్ష. నలభై లెక్కలు, పదింటికి మొదలు. గంటసేపు ఎవరూ నోరు విప్పకూడదు. ఆ గంటలో నువ్వేం చేస్తావమ్మా అని నెల్స్ అడిగితే పర్యవేక్షణ అంది. ఆ పర్యవేక్షణకు కావలసిన రెండు అల్లిక సూదులూ, ఒక ఎర్ర స్వెట్టరూ అప్పటికే ఆమె కుర్చీలో సిద్ధంగా ఉన్నాయి. అంటే బడి తెరిచే ఉంది, పంతులమ్మ మాత్రం సెలవు పెట్టింది.

ఆమెను తప్పుపట్టడానికి లేదు. పద్నాలుగేళ్ళుగా ఆ సూదుల కింద పడిన ఉన్ని అంతా ఇతరులకే పోయింది. ఎనభై జతల మేజోళ్ళు, లెక్కలేనన్ని టోపీలు, కర్ట్‌కి ఆరు స్వెట్టర్లు, చర్చివాళ్ళు పంపమన్న దూరదేశాల పసిపిల్లలకు దుప్పట్లు, ఒకసారి గొంతు నొప్పి చేసిన మేకకు మఫ్లరు. తనకంటూ అల్లుకున్నది ఇదే మొదటిది. దీనికీ ఒక కారణం ఉంది. తొమ్మిదేళ్ళకోసారి చర్చివాళ్ళు కుటుంబాలన్నిటికీ ఫోటోలు తీయించి పుస్తకం వేస్తారు. ఆ పుస్తకం ప్రతి ఇంట్లో టెలిఫోను పక్కన తొమ్మిదేళ్ళు ఉంటుంది. కిందటి పుస్తకంలో మారెన్ కర్ట్ వేసుకునే పాత డ్యూటీ కోటులో ఉంది. ఫోటోకి రెండు నిమిషాల ముందు రెండేళ్ళ టిల్డా ఆమె గౌను మీద వాంతి చేసుకుంది. ఊరంతా తొమ్మిదేళ్ళుగా ఫోను నంబరు కోసం ఆ పేజీ తెరిచినప్పుడల్లా మారెన్ మంచు లారీ దిగి వచ్చినట్టు కనిపిస్తోంది. కొత్త ఫోటో రేపు పొద్దున పదింటికి.

ఎర్ర స్వెట్టర్‌కి ఒళ్ళయింది, ఒక చెయ్యయింది, రెండో చెయ్యి మోచేతి దాకా వచ్చింది. అయిదు చిలపల ఉన్నిని, అంటే అయిదు చుట్టల దారాన్ని, ఒకే కుండలో మంజిష్ఠ వేరు వేసి తానే ఎరుపు అద్దింది. ఇంకోసారి అద్దితే ఆ రంగు మళ్ళీ రాదు. మిగిలింది ఒక్క చిలప. రంగు దిగుతోందని రాత్రి దాన్ని వెనిగర్ నీళ్ళలో జాడించింది. పొద్దున టిల్డా చేతికిచ్చి వరండాలో తాడు మీద ఆరేసి రమ్మంది. ఆ చలికి తడి గడ్డకట్టి, దులిపితే పొడిలా రాలిపోతుంది. గంటలో దారం చేతికొస్తుంది.

తొమ్మిదింటికి మారెన్ బడి ఆచారం ప్రకారం టెలిఫోను రిసీవరు తీసి రొట్టెల డబ్బాలో పడుకోబెట్టి మూత పెట్టింది. చదువు వేళ ఫోను మోగకూడదు. సెల్‌ఫోన్లు ఆ లోయలో గడియారాలుగా తప్ప పనికిరావు.

టిల్డా చిలపను వరండాలో తాడు మీద ఆరేసి వచ్చింది. వరండా పది అడుగులే అయినా ఆ పిల్ల వచ్చేసరికి పావుగంట పట్టింది, కనురెప్పల మీద మంచు ఉంది, బూట్ల నిండా మంచు ఉంది. అంత శ్రద్ధగా ఆరేస్తుందన్నమాట. ఆ తరువాత గాలి వచ్చి చిలపను ఎత్తుకుపోయి, నూట ఇరవై అడుగుల దూరంలో రోడ్డు పక్కనున్న ఉత్తరాల డబ్బాకి చుట్టబెట్టింది. అక్కడి గాలి అలాంటిది.

ఇక్కడ ఆ రోడ్డు కట్టుబాటు చెప్పాలి. పదకొండేళ్ళ కిందట చర్చి ఆడవాళ్ళు ఆ రోడ్డులో ఇంటింటికీ ఒక ఎర్రగుడ్డ ఇచ్చారు. తుఫానులో ఎవరికైనా సాయం కావాలంటే దాన్ని ఉత్తరాల డబ్బాకి కట్టాలి. చూసినవాళ్ళు ఆగాలి. మంచి కట్టుబాటే. కాకపోతే పదకొండేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కట్టలేదు. సాయం అడగడమంటే అక్కడివాళ్ళకు బట్టలు లేకుండా బజార్లోకి వెళ్ళడం లాంటిది. ఒకాయన పైకప్పు మీంచి పడి కాలు రెండుచోట్ల విరిగినా కట్టలేదు. డేక్కుంటూ పక్కింటికి వెళ్ళి, వాళ్ళు భోజనం ముగించేదాకా ఆగి, కొంచెం ఇబ్బందిగా ఉందన్నాడు. అలాంటి రోడ్డులో ఎరుపు కనిపిస్తే అది ఏ జ్వరానికో కట్టింది కాదని ఎవరికైనా తెలుస్తుంది.

మొదట చూసినవాడు ఎదురింటి హాల్వర్. ఎనభై ఒక్క ఏళ్ళ పెద్దాయన, భార్య పోయాక ఒంటరి. రెండిళ్ళ ఉత్తరాల డబ్బాలూ రోడ్డుకు అటొకటి ఇటొకటి ఉంటాయి. తొమ్మిదిన్నరకు, తుఫాను ఇంకా ముదరకముందే, ఆయన రెండు కోట్ల మీద ఇంకో కోటు తొడుక్కుని, స్కీయింగు కర్రలు ఊతంగా తలుపు తట్టాడు. తలుపు తీయడానికి టిల్డా పరుగెత్తిన తీరు చూస్తే, ఆయన వస్తాడని ఆ పిల్లకు ఎవరో ముందే చెప్పినట్టుంది.

హాల్వర్ టేబులు దగ్గర కూర్చున్నాడు. ఏమైందని ఆయన అడగలేదు. అడిగితే ఎదుటివాళ్ళ కష్టాన్ని బయటికి లాగినట్టవుతుంది, వాళ్ళే చెప్పాలి. ఎందుకొచ్చారని మారెన్ అడగలేదు. అడిగితే పొమ్మన్నట్టవుతుంది. అందుకని ఇద్దరూ గంటసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. మంచు పడుతోందన్నాడాయన. పడుతోందని ఒప్పుకుంది ఆమె. కిందటేడు ఇంతకంటే తక్కువ పడిందన్నాడు. అదీ నిజమేనంది. ఆయన ప్రతి అయిదు నిమిషాలకూ ఆమె ముఖంలోకి దిగులుగా చూసి, ఇంకా చెప్పడానికి సిద్ధంగా లేదని గ్రహించి, ఇంకో కప్పు కాఫీ తీసుకున్నాడు. అయిదు కప్పులయ్యాయి. కోట్లు ఒక్కటీ విప్పలేదు. కుర్చీని మాత్రం ఎవరికీ తెలియకుండా కట్టెల పొయ్యి వైపు జరుపుకుంటూ, చివరికి దాదాపు పొయ్యిలోకే వెళ్ళాడు.

అతిథి ఉండగా పరీక్ష పెట్టడం మర్యాద కాదు. పదిన్నరకు మారెన్ నలభై లెక్కల కాగితాలను మడిచి సొరుగులో పెట్టేసింది. టిల్డా ముఖంలో ఎంతో బాధ కనిపించింది.

"హాల్వర్ తాతా, ఆ ఎలుగుబంటి మీ పడవెక్కిన సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు" అంది.

ఆ కథ గంటన్నర పడుతుంది.

కథలో ఎలుగుబంటి ఇంకా గట్టు మీదే ఉండగా, బయట రోడ్డు మీద, కర్ట్‌తో పనిచేసే డార్లా తన మంచు లారీలో వచ్చింది. ఈ రోడ్డు ఆమె వంతు. ఉత్తరాల డబ్బా మీద ఎరుపు చూసి బ్రేకు వేసింది. లారీ దిగి ఇంటి వైపు చూస్తే ఇల్లే కనబడలేదు, అంతా తెల్లటి గోడ. హారను కొట్టింది, గాలి మింగేసింది. ఒంటరిగా ఆ తెలుపులోకి దిగితే తనకే ఎరుపు కట్టాల్సి వస్తుందని, లారీ రేడియోలో ఆఫీసుకు చెప్పింది. మారెన్ ఇంటి ముందు ఎరుపుంది. అంతే, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు.

ఆఫీసువాళ్ళు మారెన్‌కి ఫోను చేశారు. రిసీవరు రొట్టెల డబ్బాలో ఉంటే ఫోను కలవదు కదా. దాంతో బెవర్లీకి చేశారు. చర్చిలో ప్రార్థన గొలుసు బెవర్లీది. ఎవరికైనా కష్టం వస్తే ఆమె ఇద్దరికి ఫోను చేస్తుంది, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి చేస్తారు, అరగంటలో ఊరంతా మోకాళ్ళ మీద ఉంటుంది. బెవర్లీ చెప్పింది ఇదీ: మారెన్ ఇంటి ముందు ఎరుపు కట్టి ఉంది, ఫోను కలవడం లేదు. రెండో వరుసలో మారెన్ ఫోను ఎత్తలేని స్థితిలో ఉంది. మూడో వరుసలో పడిపోయింది. నాలుగో వరుసలో మెట్ల మీంచి పడింది, చేతిలో అల్లిక సూది కూడా ఉంది. అయిదో వరుసకు వచ్చేసరికి, పాపం కర్ట్, ముగ్గురు పిల్లలతో ఒక్కడూ ఎలా నెట్టుకొస్తాడో. గొలుసులో ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ తలా ఒక జాలి కలిపారంతే.

ఆ కబురు తిరిగి రేడియో ఎక్కి జిల్లా అవతలి కొసన లారీ నడుపుతున్న కర్ట్‌కి చేరింది.

పదకొండున్నరకు స్వచ్ఛంద అగ్నిమాపక దళం వచ్చింది. అంటే పొద్దున పాలు పిండుకుని, మధ్యాహ్నం మంటలార్పే మనుషులు ఆరుగురు. వాళ్ళ పెద్ద రాయ్. ఉత్తరాల డబ్బా దగ్గర నిలబడితే ముందున్న మనిషి వీపు కూడా కనబడటం లేదు. అలాంటప్పుడు ఇంటి నుంచి కొట్టం దాకా తాడు కట్టుకుని దాన్ని పట్టుకు నడవడం అక్కడివాళ్ళందరికీ తెలిసిన విద్య. రాయ్ దగ్గర తాడు లేదు, లారీలో మర్చిపోయాడు. కళ్ళ ముందు మాత్రం వందల అడుగుల ఎర్ర దారం గడ్డకట్టి ఉంది. ముడి ఊడిరాకపోతే కత్తితో కోశాడు. ఒక కొస డబ్బాకి కట్టి, చిలపను విప్పుకుంటూ, విప్పుకుంటూ తెలుపులోకి నడిచాడు.

మారెన్ తలుపు తీసేసరికి రాయ్ నిలబడి ఉన్నాడు. మీసం నిండా మంచు, వెనక అయిదుగురు, చేతిలో ఆమె స్వెట్టర్ చెయ్యి కావలసిన దారం కొస.

"ఇది మీదేనా?" అన్నాడు.

మారెన్ అతని భుజం మీదుగా బయటికి చూసింది. తన దారం మంచులో అల్లుకుపోతూ రోడ్డు దాకా వెళ్ళిందని, దాని మీద అయిదు జతల బూట్లు నడిచి వచ్చాయని చూసి అర్థం చేసుకోవడానికి కొంచెం సమయం పట్టింది. దెబ్బ ఎక్కడ తగిలిందని రాయ్ అడిగాడు. ఏ దెబ్బ అంది. పడిపోయారట కదా అన్నాడు. లేదే అంది. ఏమీ పరవాలేదు, బాగానే ఉన్నానని ఆమె చెప్పేకొద్దీ రాయ్ ముఖంలో ఆందోళన పెరిగింది. కాలు రెండుచోట్ల విరిగినాయన కూడా సరిగ్గా అవే మాటలు అన్నాడు.

రాయ్ వెనకే ఎర్ర దారం పట్టుకుని డార్లా, ఆమె వెనక చర్చి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. తెలుపులోంచి ఒక చేతి తొడుగు, దాని వెనక ఒక మనిషి, ఆ మనిషి చంకలో ఒక హాట్‌డిష్. అంటే కైమా, పుట్టగొడుగుల సూపు, పైన వరసగా వేయించిన బంగాళాదుంప ముక్కలు పేర్చి కాల్చిన పళ్ళెం. కష్టమొచ్చిన ఇంటికి అక్కడ ఎవరూ మాటలు తీసుకుపోరు, ఇదే తీసుకుపోతారు. మొత్తం పదకొండు వచ్చాయి. తొమ్మిది ఒకే రకం. అందరికంటే చివర బెవర్లీ వచ్చింది. మంచు కోటు కింద నల్ల గౌను, చేతుల్లో పెద్ద పళ్ళెం నిండా చీజు బంగాళాదుంపలు. ఎవరైనా పోతేనే ఆ వంట చేస్తారు. బతికున్నవాళ్ళకు చేసిన దాఖలా లేదు.

కొలత చూసుకోవడానికి తొడుక్కున్న ఒకటిన్నర చేతుల ఎర్ర స్వెట్టర్‌తో గుమ్మంలో నిలబడ్డ మారెన్‌ని బెవర్లీ కింది నుంచి పైదాకా చూసింది.

"అమ్మాయ్, నువ్వు బతికే ఉన్నావా?"

"ఉన్నాను బెవర్లీ గారూ."

బెవర్లీ పళ్ళెం వైపు చూసుకుంది. "నలభై మందికి చేశానే" అంది.

అది నిష్ఠూరం కాదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూనే అంది. తరువాత ఆ పళ్ళెం దింపి మారెన్‌ని పట్టుకుని, పక్కటెముకలు లెక్కపెట్టడానికి వీలయ్యేంత గట్టిగా కావలించుకుంది.

వంటింట్లో అప్పటికి ఇరవైమంది. లార్స్ బల్ల కింద అగ్నిమాపక టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. నెల్స్ ఏ హాట్‌డిష్ ముందు తినాలో తేల్చుకోలేక రెండు చెంచాలు పట్టుకున్నాడు. అప్పుడు తలుపు తోసుకుని కర్ట్ వచ్చాడు. పంతొమ్మిది మైళ్ళు లారీ ముందున్న మంచు తోసే రెక్క దింపేసే నడిపాడు. ఆ జిల్లాలో అంత శుభ్రంగా ఏ రోడ్డునూ ఏనాడూ ఊడవలేదు. మారెన్‌ని చూసి అక్కడే ఆగిపోయాడు. గడ్డం మీది మంచు కరిగి చొక్కాలోకి కారుతోంది, తుడుచుకోలేదు. ఇరవైమందీ ఒక్కసారిగా బంగాళాదుంపల వైపు తిరిగి వాటిని శ్రద్ధగా చూడసాగారు.

"కాఫీ ఉందా?" అన్నాడు కర్ట్.

"ఉంది" అంది మారెన్.

కప్పు అందుకున్నాడు గానీ సగం నేల మీద పోసుకున్నాడు. ఆమె తన రెండు చేతులూ అతని చేతుల చుట్టూ పెట్టి, కప్పు కదలకుండా పట్టుకుంది. పొద్దున్నుంచి ఒక్క గంట ఒంటరితనం కోసం ఇంత తంటాలు పడ్డ మనిషి, ఆ క్షణాన ఆ గదిలోంచి ఎవరైనా వెళ్ళిపోతామంటే ఒప్పుకునేది కాదు.

రాయ్‌కి మాత్రం చిక్కొచ్చిపడింది. ఆపద ఏమిటో రాసి పంపాలి. మారెన్‌ని మళ్ళీ అడిగాడు. చిలప వరండాలో ఆరేశామని, గాలి ఎత్తుకుపోయి ఉంటుందని, ఇంతమందిని కష్టపెట్టినందుకు సిగ్గుగా ఉందని చెప్పింది. రాయ్ పెన్సిలు నాకుతూ కూర్చున్నాడు. కూర్చున్నాడంటే నిలబడ్డాడు, కుర్చీలు చాలలేదు. ఎదురింటి నుంచి నాలుగు కుర్చీలు పట్టుకురమ్మని ఇద్దరు కుర్రాళ్ళను పంపబోయాడు.

అంతసేపూ పొయ్యి దగ్గర కదలకుండా ఉన్న హాల్వర్ లేచాడు. "నా కుర్చీలు బాగుండవు" అన్నాడు. పరవాలేదన్నారు. కాళ్ళు ఊగుతాయన్నాడు. జాగ్రత్తగా కూర్చుంటామన్నారు. ఇల్లు సర్దిలేదన్నాడు. అప్పటికే వాళ్ళు వెళ్ళిపోయారు. హాల్వర్ మళ్ళీ కూర్చుని పొయ్యిలోకి చూడసాగాడు.

కుర్రాళ్ళు కుర్చీలు లేకుండా తిరిగొచ్చారు. ఇద్దరిలో పెద్దవాడు రాయ్ చెవిలో చెప్పాలనుకున్నాడు గానీ గది నిశ్శబ్దంగా ఉండటంతో అందరికీ వినిపించింది. ఆ ఇంట్లో సింకులో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. ఇంటిని వేడిచేసే యంత్రం ఆగిపోయింది, పొయ్యిపక్క కట్టె ఒక్కటీ లేదు. మంచం మీద ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ పోగేసి ఉన్నాయి. తలుపు దగ్గర బల్ల మీద ఎర్రగుడ్డ ఉంది. తీసి, మడతలు విప్పి, మళ్ళీ మడిచి పెట్టి ఉంది.

మారెన్ పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.

"ఎప్పటి నుంచి, హాల్వర్ గారూ?" అంది మారెన్.

"బుధవారం నుంచి కొంచెం చల్లగా ఉంది" అన్నాడాయన. "ఇంత మంచులో, ఇంత చిన్నదానికి, మనుషుల్ని కదిలించడం ఎందుకని."

"మరి మా డబ్బా మీద ఎరుపు చూసి మీరెందుకు కదిలారు?"

"పిల్లలున్న ఇల్లమ్మా అది" అన్నాడు హాల్వర్, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మారెన్ లేచి పైగదిలో పరుపు మీద రెండు దుప్పట్లు వేసి వచ్చింది. యంత్రం బాగయ్యేదాకా ఆయన ఆ గదిలోనే ఉంటాడని కర్ట్ అన్నాడు. అదేం వద్దని హాల్వర్ మొదలుపెట్టేసరికి బెవర్లీ ఆయన నోటికి ఎదురుగా చీజు బంగాళాదుంపల చెంచా పెట్టింది. ఆ వంటకు చివరికి ఒక బతికున్న మనిషి దొరికాడు. రాయ్ పెన్సిలు నాకడం ఆపి కాగితం మీద రాసుకున్నాడు.

ఇక స్వెట్టర్. రోడ్డు దాకా పోయిన దారాన్ని డార్లా చుట్టి తెచ్చింది. అందులో మంచు ఉంది, బూట్ల మట్టి ఉంది, లారీ నూనె ఉంది, ఒకచోట ఎవరిదో కట్టుడు పన్ను కూడా ఉందని ఒక వదంతి. మారెన్ దాన్ని చూసి నవ్వేసింది. మనిషి ప్రాణం నిలబెట్టిన దారం మోచెయ్యి కప్పకపోతేనేం అంది. కానీ ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళలో అల్లిక సంచీ లేకుండా ఇల్లు కదిలినది ఒక్కతీ లేదు. చావు పరామర్శకు వచ్చినా సంచీ తెచ్చుకున్నారు. పిల్లల క్రిస్మస్ మేజోళ్ళు అల్లగా మిగిలిన ఎర్ర ఉండ ప్రతి సంచీ అడుగునా ఉంది. రేపు పదింటికి ఫోటో అని తెలిసినాక ఇక ఆ చెయ్యి మారెన్ చేతిలో లేదు.

ఒక్కొక్కరు పది వరసల చొప్పున చేతులు మార్చుకున్నారు. ఇదీ అసలు ప్రమాదం. అల్లికలో ఒకరి చెయ్యి ఇంకొకరి చెయ్యిలా ఉండదు. బెవర్లీ బిగించి అల్లుతుంది, ఆమె అల్లినదాంట్లోంచి నీళ్ళు కూడా దిగవు. డార్లా వదులుగా అల్లుతుంది, ఆమె అల్లినదాంతో చేపలు పట్టుకోవచ్చు. మధ్యలో మిగతా అయిదుగురు, ఏడు రకాల ఎరుపులు. హాల్వర్ రెండు చేతులూ చాచి దారం పట్టుకుంటే దాన్ని ఉండలు చుట్టారు, పనికొచ్చినందుకు ఆయన మొదటిసారి కోటు ఒకటి విప్పాడు. నాలుగింటికి చెయ్యి పూర్తయింది. కప్పల్ని మింగిన పాములా అక్కడక్కడా ఉబ్బి, అక్కడక్కడా సన్నబడి, మొదటిదానికంటే జానెడు పొడవు ఎక్కువగా.

మరునాడు ఫోటో తీసే ఆయన మర్యాదగా ఆ చెయ్యి వెనక్కి పెట్టుకోమన్నాడు. మారెన్ దాన్ని ముందుకు పెట్టుకుంది. ఆమె పక్కన కర్ట్, ముందు ముగ్గురు పిల్లలు, వెనక హాల్వర్. తొమ్మిదేళ్ళపాటు ప్రతి ఇంటి టెలిఫోను పక్కనా ఉండబోయే ఫోటో అదే.

అయితే శుక్రవారం సాయంత్రం ఇంకొకటి జరిగింది, దాన్ని దాటేసి ఫోటో దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను. కుదరలేదు.

అందరూ కోట్లు తొడుక్కుంటున్నారు. రాయ్ కాగితం చివరి గడి దగ్గర ఆగాడు. ఎర్ర దారం డబ్బా మీదికి ఎలా వెళ్ళింది? గాలి, అంది మారెన్. గాలి, అన్నాడు కర్ట్. గాలే, అంది టిల్డా అందరికంటే గట్టిగా. రాయ్ జేబులోంచి తాను కత్తితో కోసిన ముడిని తీసి బల్ల మీద పెట్టాడు. అప్పటికి మంచు కరిగిపోయి శుభ్రంగా కనిపిస్తోంది. రెండు ముళ్ళు, వాటి మీద పువ్వు ముడి, రెండు రెక్కలూ సమానంగా.

"నలభై ఏళ్ళుగా ఇక్కడి గాలి చూస్తున్నాను" అన్నాడు రాయ్. "పువ్వు ముడి వెయ్యడం ఇదే మొదలు."

ఇరవైమంది మెల్లగా ఒకే వైపు తిరిగారు.

ఇంక దాచి లాభం లేదు. ఆ టిల్డా నేనే. వినయం, నెమ్మది, పెద్దల మెప్పు, అవన్నీ నేను రాసుకున్నవే. అమ్మ బడిలో అతిథి వస్తే పరీక్ష ఆగుతుందని నాకు తెలుసు, ఎరుపు కడితే ఎదురింటి హాల్వర్ తాత వస్తాడని తెలుసు. ఒక్క తాత కోసం కట్టాను. ఊరు వస్తుందని, అమ్మ చచ్చిపోయిందని నాన్న పంతొమ్మిది మైళ్ళు ఏడుస్తూ వస్తాడని నాకు తెలియదు. అంతా చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా, అది కల్పన కాదు.

అమ్మ నా వైపు చూసింది. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్న తాత వైపు చూసింది. ఎవరిని తిట్టాలో, ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తేల్చుకోలేకపోయినట్టుంది. చివరికి పదకొండు హాట్‌డిష్ పళ్ళేలు, ఇరవైమూడు కంచాలు, ఒక చీజు బంగాళాదుంపల పళ్ళెం తోమమని సింకు చూపించింది.

తోముతుంటే హాల్వర్ తాత వచ్చి పక్కన నిలబడి, ఒక గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. అయిదు కంచాలు ఒక్కొక్కటిగా పేర్చాడు. ఆరో కంచం తుడుస్తూ, ఎవరికీ వినబడకుండా వంగాడు.

"ఇంకోసారి కట్టేటట్టయితే," అన్నాడు, "రెండు రోజులు ముందే కట్టవే."